పనికిరాని శబ్దం, డబ్బా ఒకటి

మా బ్యాండ్ పేరు ఇనుప కాకులు. మీరు విని ఉండరు. మొహమాటపడకండి, ఎవరూ వినలేదు. ఎనభైల్లో విశాఖపట్నం చేపల రేవు పక్కన, ఉప్పు బస్తాలు ఖాళీ చేసిన ఒక గోడౌన్లో మేం ముగ్గురం కూడి తెలుగులో హార్డ్ రాక్ వాయించాం. గిటారు సోంబాబు, గొంతు గాబ్రియేలు, డ్రమ్ములు నూకరాజు అనే నేను. చేసింది ఒక్కటే ఆల్బం. దాని పేరు 'తుప్పు'. సముద్రపు గాలికి మా ఊళ్ళో ఏ వస్తువైనా చివరికి చేరేది అక్కడికే కాబట్టి ఆ పేరు పెట్టాం.

క్యాసెట్లు కొన్నవాళ్ళంతా మా బంధువులే. మంచి మనసుతో కొన్నారు. మంచి క్యాసెట్టు కదా, వృథా చేయడం ఎందుకని దాని మీద వేరే పాటలు ఎక్కించుకున్నారు. నా సొంత చెల్లెలు తన పెళ్ళి సన్నాయి దాని మీదే రికార్డు చేయించుకుంది. ఇప్పటికీ ఆ సన్నాయి అయిపోయిన చోట, అప్పగింతల ఏడుపు తర్వాత, నా డ్రమ్ములు కాసేపు వినిపిస్తాయి. ఆ చోటు రాగానే మా బావగారు లేచి టేపు ఆపేస్తారు.

చివరికి మిగిలింది గాబ్రియేలు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న అసలు రీలు ఒక్కటే. అందులో ఆఖరి పాట చివర గాబ్రియేలు అరిచిన అరుపు ఒకటి ఉంది. అది ఎంత పొడుగంటే, రికార్డింగు రోజున నేను కర్రలు కింద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్ళీ కర్రలు అందుకున్నా అది ఇంకా అవలేదు. ఆ తర్వాత బ్యాండు మూతపడింది. నేను రేవులో క్రేను ఎక్కాను. సోంబాబు కంచరపాలెంలో రేడియేటర్లు అతికే షెడ్డు పెట్టాడు. గాబ్రియేలు రైల్వేలో అనౌన్సరుగా చేరాడు. అక్కడా వాడి మాట ఎవరూ వినేవారు కాదు. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో వాడు మైకులో మూడు భాషల్లో చెప్పాక కూడా జనం పక్కవాణ్ణి అడిగేవారు.

రిటైరయ్యాక వాడికి గొంతు ఆపరేషన్ అయింది. ఇప్పుడు మాట్లాడితే గాలి తప్ప ఏమీ రాదు, దగ్గరగా చెవి పెట్టి వినాలి. వాడి అసలు గొంతు ఇప్పుడు ఆ రీల్లో మాత్రమే ఉంది. "ఒరే నూకా, ఆ అరుపు ఒక్క బయటి మనిషికి నచ్చితే సాలురా. సుట్టాలు కాకుండా," అనేవాడు.

ఇంతలో లోకానికి కొత్త మోజు పట్టింది. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని హార్డ్ రాక్ ఆల్బాలని వెతికి, దుమ్ము దులిపి, ధ్వనికి మెరుగుపెట్టి, అందమైన అట్టపెట్టెలో ఒక పుస్తకమూ ఒక పోస్టరూ జతచేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. అప్పట్లో ఊరికే ఇస్తామన్నా తీసుకోని జనం ఇప్పుడు క్యూలో నిలబడి కొంటున్నారు. ఈ మోజు పాకి పాకి ప్రభుత్వం దాకా వెళ్ళింది. ప్రభుత్వం దాకా ఏది పాకినా దానికొక మండలి, మండలికొక డైరెక్టరు, డైరెక్టరుకొక కారు పుడతాయి. అలా మా ఊళ్ళో విస్మృత సంగీత పునరుద్ధరణ మండలి వెలిసింది.

డైరెక్టరుగా డాక్టర్ పరాంకుశం గారు వచ్చారు. అంతకుముందు ఆయన శబ్ద నియంత్రణ విభాగంలో పనిచేశారు. కొత్త మండలికి శబ్దంలో అనుభవం ఉన్న అధికారి కావాలని పైనుంచి అడిగారట. శబ్దంలో ఆయనకున్న అనుభవం రాష్ట్రంలో ఇంకెవరికీ లేదు. ఆయన అడుగుపెట్టిన వీధిలో మైకు బతికి బట్టకట్టేది కాదు. బ్యాండు మేళాలవాళ్ళు ఆయన ఇంటి ముందు పెళ్ళికొడుకుని నడిపించి, సందు దాటాక గుర్రం ఎక్కించేవాళ్ళు.

మేం దరఖాస్తు చేసుకున్నాం. పిలుపొచ్చింది. ముగ్గురం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళాం.

"మీ ఆల్బం విస్మృతమైనదని ఆధారం ఏమిటి?" అన్నారు పరాంకుశం గారు.

"ఎవుర్నడిగినా తెల్దంటారండి," అన్నాడు సోంబాబు.

"ఎవరిని అడిగినా తెలియదనే ఆల్బం అసలు ఉన్నదనడానికి ఆధారం ఏమిటి?"

ఉన్నదనడానికి రీలు చూపించాం. అందరూ మరిచిపోయారనడానికి మా వీధి పెద్దమనుషుల్ని సాక్ష్యానికి తీసుకెళ్ళాం. 'తుప్పు' అనే ఆల్బం గురించి మాకేమీ తెలియదని వాళ్ళు చాలా గట్టిగా చెప్పారు. మేం ప్రాక్టీసు చేసిన వీధే అది. కిటికీలు మూసుకుని మరీ మమ్మల్ని తిట్టిన మనుషులే వాళ్ళు. పాపం, స్నేహం కోసం అబద్ధం ఆడారు.

విస్మృతి రుజువయ్యాక రీలు వినే కార్యక్రమం పెట్టారు. మండలిలో శబ్దశుద్ధి అధికారిణి అని ఒక ఉద్యోగం ఉంది. అందులో ఉన్న అమ్మాయి పేరు విశాలాక్షి. ఆమె యంత్రం మీద రీలు ఎక్కించి మీట నొక్కింది. నా మొదటి దెబ్బ పడింది. వెనకే సోంబాబు గిటారు గర్జించుకుంటూ వచ్చింది. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఆపండి! ఆపండి! ఎంత దారుణంగా చెడిపోయింది!"

"సెడిపోలేదండి," అన్నాడు సోంబాబు. "నాను వాయించిందే అలగండి."

"బాధితులు ఎప్పుడూ అలాగే అంటారు."

"కాదండి బాబూ. ఆ బొంగురు రావాలనే స్పీకరు కాయితాన్ని బ్లేడుతో కోసీనానండి."

"మీరే కోశారా? స్వయంగా?" ఆయన విశాలాక్షి వైపు తిరిగారు. "రాసుకోండమ్మా. ధ్వని పరికరమునకు తీవ్ర నష్టము. సదరు కళాకారుడు నాటి దుర్భర పరిస్థితులలో మరమ్మతు చేయించుకొనజాలక, చిరిగిన స్పీకరుతోనే కళాసేవ కొనసాగించినారు. కావున సదరు చిరుగును పునరుద్ధరణలో కుట్టవలెను."

తర్వాత ఆఖరి పాట పెట్టించారు. గాబ్రియేలు అరుపు వచ్చింది. పరాంకుశం గారు రెండు చెవులూ మూసుకుని, అది అయిపోయిందని విశాలాక్షి సైగ చేశాక చేతులు తీశారు. గాబ్రియేలు ముందుకు వంగి, ఎలా ఉందండీ అని అడిగాడు. గాలి తప్ప ఆయనకేమీ వినపడలేదు.

"ఈయన గొంతుకి ఏమైంది?"

"ఆపరేషన్ అయిందండి," అన్నాను.

"రికార్డులో ఉన్నదీ ఈయనేనా?"

"అవునండి."

"అయితే నొప్పి అప్పటికే మొదలైనట్టుంది," అన్నారు ఆయన జాలిగా.

పునరుద్ధరణ నిబంధనలు ఆయనే స్వయంగా రాశారు. వాటి ప్రకారం, వినువాడు సహజముగా తగ్గించుకొనదలచు ఏ శబ్దమైనను కల్మషమే. తగ్గించుకోకుండా పెంచుకోవాలనుకునేవాడు ఉంటేనో అని అడిగాను. అటువంటి వినియోగదారుని నిబంధనలు ఊహించలేదని ఆయన చెప్పారు. కల్మషం ఎంత ఎక్కువ తీస్తే పునరుద్ధరణ అంత గొప్పగా జరిగినట్టు లెక్క. శుద్ధి శాతం చూపించే ఎర్ర అంకెల పలక ఒకటి గోడకి బిగించారు. రీలు మండలికి అప్పగించి, మురిసిపోతూ ఇంటికొచ్చాం. ఎంతైనా ప్రభుత్వం మన పాట తీసుకుంది కదా అనుకున్నాం. నిజం చెప్పొద్దూ, దారిలో మిఠాయి కూడా కొన్నాం.

నెల తిరిగాక పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెళ్ళాం. గోడ మీద శుద్ధి శాతం బాగా ఎక్కి ఉంది. విశాలాక్షి మా మొహాలు చూడలేక చూడలేక యంత్రం మీట నొక్కింది. సోంబాబు గిటారు లేదు. అది గర్జించిన చోటల్లా శుభ్రంగా ఖాళీ.

"చిరుగు కుడుతుంటే మొత్తం పోయిందండీ," అంది. "గిటారంతా చిరుగే అయినట్టుంది."

"మరి నా డ్రమ్ములు?" అన్నాను. మొదటి దెబ్బ ఒక్కటి వినిపించి ఊరుకుంది.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి పరాంకుశం గారే వచ్చారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి చాలా ఆదరంగా మాట్లాడారు.

"నూకరాజు గారూ, మొదటి దెబ్బతోనే శ్రోతకి విషయం బోధపడింది. తరువాతి దెబ్బలన్నీ అదే విషయాన్ని మళ్ళీ చెబుతున్నాయి. ప్రజాధనంతో ఒకే విషయాన్ని అన్నిసార్లు చెప్పించడాన్ని ఆడిట్ వారు హర్షించరు. అయినా మీ సేవని గుర్తించి మొదటి దెబ్బని యథాతథంగా ఉంచాం."

నేను ఆయనకి నమస్కారం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు ఇప్పటికీ తెలీదు. పెద్ద కుర్చీ ముందు నిలబడితే చేతులు వాటంతటవే లేస్తాయి.

గాబ్రియేలు అరుపు మీద మాత్రం మండలి తొందరపడలేదు. మనిషి ప్రాణాపాయంలో ఉండి అరిచి ఉంటే దాన్ని చెరపడం చట్టరీత్యా చిక్కు తెస్తుందని ఒక వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన అరుపుని స్టెతస్కోపుతో విన్నాడు. యంత్రం డబ్బాని కూడా వేళ్ళతో తట్టి చూశాడు. "మనిషి అరుస్తున్నాడు. కారణం కనబడలేదు," అని తేల్చాడు.

"కారణం లేని అరుపు ప్రభుత్వ ప్రచురణలో ఉండరాదు," అన్నారు పరాంకుశం గారు.

గాబ్రియేలు నా చెవిలో చెప్పాడు. నేను పైకి చెప్పాను. "కారణం ఉందంటన్నాడండి."

"ఏమిటది?"

గాబ్రియేలు మళ్ళీ నా చెవిలో చెప్పాడు.

"ఆరోజు శానా సంతోషంగా ఉన్నాడంటండి."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "సంతోషానికి ఆ స్థాయి అక్కర్లేదు," అన్నారు. అరుపు పోయింది.

దాంతో ఎర్ర అంకెలు ఇంకా పైకెక్కాయి కానీ పూర్తి శుద్ధి రాలేదు. వెతగ్గా వెతగ్గా వర్షం దొరికింది. రికార్డింగు రోజు గోడౌను రేకుల మీద వాన పడుతూ ఉండింది. దాన్నీ తీసేశారు. రేవులో ఓడ కూత తీసేశారు. అన్నీ పోయాక, నా మొదటి దెబ్బ కాకుండా, ఒకే ఒక్క చోట ఒక మనిషి మాట శుభ్రంగా, స్పష్టంగా వినిపించింది. రెండు పాటల మధ్య సోంబాబు అన్న మాట అది. 'ఒరే, బజ్జీలు సల్లారిపోతన్నాయిరా!'

పరాంకుశం గారు ఆ మాట మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదీ ఆల్బం! ఇంతకాలం కల్మషం కింద కప్పబడి ఉన్నది ఇదే. కాలం ఎవరి కోసమూ ఆగదన్న సత్యాన్ని ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఇలాంటి రత్నాన్ని లోకం ఎలా విస్మరించింది?"

"ఆకలేసి అన్నానండి," అన్నాడు సోంబాబు.

"మహాకళాకారులకి వినయం సహజం."

విడుదల సభ బ్రహ్మాండంగా జరిగింది. మండలి తయారుచేసిన పెట్టె చూస్తే కళ్ళు చెదిరాయి. మఖమలు గుడ్డ, వెండి అక్షరాలు, లోపల లావుపాటి పుస్తకం. పుస్తకంలో పరాంకుశం గారి ముందుమాట, పరాంకుశం గారి జీవిత విశేషాలు, పరాంకుశం గారు మూయించిన మైకు పక్కన పరాంకుశం గారి ఫోటో. ఆఖరి పేజీలో మా ముగ్గురి ఫోటో కూడా వేశారు. నాకు అప్పట్లో ఎంత జుట్టు ఉండేదో మా ఆవిడ అందరికీ చూపించింది.

మంత్రిగారు మీట నొక్కారు. ఒక దెబ్బ పడింది. తర్వాత ఏమీ లేదు. హాలు నిండా జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దగ్గు వస్తే బయటికి పరుగెత్తి దగ్గి వచ్చారు. చాలాసేపటికి సోంబాబు గొంతు బజ్జీల మాట చెప్పింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు కల్మషం కిందికి వస్తాయేమోనని విశాలాక్షి కంగారుగా డైరెక్టరు వైపు చూసింది. ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు, ఆల్బం అయిపోయేదాకా.

"నాకు రాక్ సంగీతం అంటే చిన్నప్పట్నుంచీ భయం," అన్నారు మంత్రిగారు. "డాక్టర్ పరాంకుశం గారి కృషి వల్ల ఈ సాయంత్రంతో ఆ భయం పోయింది. ఇటువంటి ప్రశాంతమైన రాక్ సంగీతం ప్రతి ఆసుపత్రిలో, ప్రతి గ్రంథాలయంలో, పరీక్షలు జరిగే ప్రతి పాఠశాలలో వినిపించేలా చర్యలు తీసుకుంటాం."

ఒక విమర్శకుడు లేచి, డ్రమ్మర్ చూపించిన నిగ్రహం తెలుగు సంగీతంలో మునుపెన్నడూ లేదన్నాడు. నన్ను నిలబెట్టి శాలువా కప్పారు. హాలు బయట మండలివారు పెట్టించిన బజ్జీల కొట్టు ముందు తొక్కిసలాట జరిగింది. సోంబాబుని గుర్తుపట్టి ఎవరో వేడి బజ్జీ నోట్లో పెట్టారు. వాడు కాదనలేదు.

గాబ్రియేలు మాత్రం నన్ను చెయ్యి పట్టుకుని పరాంకుశం గారి దగ్గరికి లాక్కెళ్ళాడు. వాడి తరఫున నేనే అడిగాను.

"మా రీలు మాకిచ్చేయండి సార్. ఇంటికి పట్టుకుపోతాం."

"రీలా? దాన్ని చెరిపేశాం కదా. శుద్ధమైన ప్రతి ఉండగా అశుద్ధమైనదీ ఉంటే, తద్వారా ప్రజలలో అయోమయం తలెత్తే ప్రమాదం ఉంది."

గాబ్రియేలు పోయి హాలు మెట్ల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కప్పిన శాలువా తీసి వాడి భుజాల మీద వేశాను, ఇంకేం చెయ్యాలో తోచక. వాడి గొంతు ఈ లోకంలో ఇంక ఎక్కడా లేదు.

విశాలాక్షి అటు ఇటు చూసి మా దగ్గరికొచ్చింది. "బాబాయ్ గారూ, తీసేసిన శబ్దం ఎక్కడికీ పోలేదండీ," అంది మెల్లగా. "ఎంత తీశామో ఆడిట్‌కి చూపించాలి కదా. తీసిందంతా ఎప్పటికప్పుడు ఒక డబ్బాలో ఎక్కించి ఉంచాను. స్టోర్సులో ఉంది."

గాబ్రియేలు లేచిన వేగానికి శాలువా మెట్ల మీదే పడిపోయింది.

మర్నాడు స్టోర్సు తలుపులు తీసేసరికి ముగ్గురం గుమ్మంలో ఉన్నాం. స్టోర్సు సూపరింటెండెంటు జోగారావు మంచి మనిషి. కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. ఆ కుర్చీలు విరిగినవని కండెమ్ చేశాం, జాగ్రత్తగా కూర్చోండి అని కూడా చెప్పాడు. డబ్బా ఎదురుగా అలమారాలోనే ఉంది, అరచెయ్యంత.

"ఇవ్వడానికి వీల్లేదండి," అన్నాడు. "ఆడిట్ అయిపోయింది. దీన్ని పనికిరాని వస్తువుగా కండెమ్ చేశాం. కండెమ్ చేసినది ఊరికే ఎవరికైనా ఇచ్చానో, నన్ను కండెమ్ చేస్తారు. గురువారం వేలం ఉంది, పాడుకోండి."

"మా పాట మేం కొనుక్కోవాలేటండి?" అన్నాడు సోంబాబు.

"మీ పాట కాదండి. మీ పాటలోంచి తీసేసింది. మీ పాట నిన్ననే విడుదలైంది కదా, మీరు వినలేదా?"

గురువారం మండలి వెనక పెరట్లో వేలం మొదలైంది. తిరగని ఫ్యాన్లు, తుప్పు పట్టిన కూలర్లు, కాళ్ళు పోయిన బల్లలు వరసగా పెట్టారు. ఊళ్ళో పాత సామాన్ల వ్యాపారులంతా వచ్చారు. వాళ్ళలో సన్యాసమ్మ ముందు నిలబడింది. గాజువాక దారిలో పాత ఓడల ఇనుము కోసి అమ్మే యార్డు ఆమెది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. ఆమె ఒక వస్తువు మీద చెయ్యి వేసిందంటే మిగతావాళ్ళు దాని వైపు చూడటం మానేస్తారు. ఫ్యాన్లు ఆమెకే పోయాయి, కూలర్లూ ఆమెకే పోయాయి.

జోగారావు డబ్బా పైకెత్తి చదివాడు. "పనికిరాని శబ్దం, డబ్బా ఒకటి. ఉన్నది ఉన్నట్టుగా."

"ఏటది?" అంది సన్యాసమ్మ.

"శబ్దం అమ్మా. పనికిరాదు."

"పనికొస్తాదో రాదో నాను సూసుకుంటాను. సూపించండి. సూడకుండా నాను వంకర మేకు కూడా కొన్ను."

"శబ్దాన్ని ఎలా చూపించమంటావమ్మా?"

"అయితే ఇనిపించండి. సరుకు సూపించకుండా అమ్మీమని ఏ రూల్లో ఉందో అది సూపించండి."

జోగారావుకి రూలంటే ప్రాణం. సరుకు చూపించాలనే ఉంది అందులో. విశాలాక్షిని పిలిపించి, ఆ డబ్బాని వేలం పాడుతున్న మైకుకి తగిలించాడు.

నా మొదటి దెబ్బ లేదు. రెండో దెబ్బ నుంచి అందుకుంది. నలభై ఏళ్ళ తర్వాత, జనం ముందు, మండలి పెరట్లో, విరిగిన కుర్చీల మధ్య సోంబాబు గిటారు గర్జించింది. వెనకే వాన, రేవులో ఓడ కూత. మేడ మీద పరాంకుశం గారి గది కిటికీలు టపటపా మూసుకున్నాయి. లారీ ఎక్కిస్తున్న కూలీలు బల్లలు దింపి నిలబడిపోయారు. ఒక పాట అవగానే జోగారావు ఆపబోయాడు.

"సగం సరుకు సూపించి మొత్తం అంటగట్టీద్దామనేటి?" అంది సన్యాసమ్మ. "ఆపకండి."

ఒక్క బజ్జీల మాట తప్ప మొత్తం ఆల్బం పెట్టించింది. ఆఖరి పాట వచ్చింది. గాబ్రియేలు అరుపు పెరడంతా నిండి, ప్రహరీ దాటి రోడ్డు మీదకి పోయింది. సన్యాసమ్మ నడుం మీద పెట్టుకున్న చేతులు కిందికి జారాయి. అరుపు అయిపోయినా జోగారావు వేలం పాట ఎత్తుకోవడం మర్చిపోయాడు.

నేను ముందు పాడాను. సన్యాసమ్మ నా మీద పెంచింది. నేను పెంచాను, ఆమె ఇంకా పెంచింది. మేం ముగ్గురం మూడు ఇళ్ళలో అడిగి తెచ్చుకున్నదంతా నా జేబులో ఉంది. దాంట్లో సగం దాటేసరికి నాకు చెమటలు పట్టాయి. మిగతా వ్యాపారులు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు. దాంట్లో రాగి ఏమైనా ఉందేమోనని ఒకాయన పక్కవాణ్ణి అడిగాడు.

గాబ్రియేలు నా చొక్కా లాగాడు. "ఎందుకంత ఇదిగా పాడతందో అడగరా," అన్నాడు.

"అమ్మా, ఏటి సేసుకుంటావు దాన్ని?" అని అడిగాను.

"ఇనుకుంటాను. ఇంకేటి సేత్తారు?" అంది. "ఆ కడాన అరిసినోడు ఎవుడో నాకు తెల్దు బాబూ. మా యార్డులో ఓడ రేకు ఇరిసినపుడు అలగే అరుస్తాది. నాకు సిన్నప్పట్నుంచి ఆ సప్పుడంటే ఇట్టం. ఎవులికైనా సెప్తే నవ్వుతారని సెప్పలేదు. మనిసి కూడా అలగ అరవగలడని నాకివేళే తెలిసింది. నువ్వెంత పాడినా నాను దాటుతాను. ఊరికే నోరు నొప్పెట్టుకోకు."

గాబ్రియేలు నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. వాడి కళ్ళలో నీళ్ళు. మొహం మాత్రం నవ్వుతోంది.

"ఒకటోసారి," అన్నాడు జోగారావు. "రెండోసారి."

ఠక్కున గాబ్రియేలు తన చెయ్యే పైకెత్తాడు.

"ఏటిరా? వద్దన్నావు కదా!" అన్నాడు సోంబాబు.

"ఇంకోసారి దాటుతాదేమో సూద్దారా."

సన్యాసమ్మ మా వైపు తిరగనైనా తిరక్కుండా దాటేసింది. గాబ్రియేలు చెయ్యి దించి, తృప్తిగా జేబులో పెట్టుకున్నాడు. డబ్బా ఆమెకి పోయింది.

ఆ అరిచింది ఇదిగో వీడేనని చెప్పబోతే గాబ్రియేలు నా కాలు తొక్కాడు. "సెప్పకురా. సెప్తే మొగమాటానికి బాగుందంటాది," అన్నాడు. సన్యాసమ్మ డబ్బాని కొంగున ముడేసుకుని లారీ ఎక్కబోతూ మా దగ్గర ఆగింది. ఓడిపోయిన వాళ్ళని చూస్తే ఆమెకి జాలేసినట్టుంది.

"మీకూ ఇట్టమేనేటి బాబూ ఈ సప్పుడు? ఆదివారం మా యార్డుకి రండి. అందరం కలిసి ఇందారి," అంది.

ఆదివారం వెళ్ళాం. ఓడ రేకులు కోసే మంటలన్నీ ఆ పూటకి ఆర్పించింది. ఓ పాత ఓడ మీద నుంచి దింపిన పెద్ద బూరా స్పీకరు ఇనుప గుట్ట మీద నిలబెట్టి, దానికి డబ్బా తగిలించింది. పనివాళ్ళు గొలుసుల మీదా లంగరు మీదా కూర్చున్నారు. మాకు ఒక బల్ల వేయించింది. రెండో పాటకే ఒక ముసలి మేస్త్రీ సుత్తి తీసుకుని, నేను ఎక్కడ కొట్టానో సరిగ్గా అక్కడ రేకు మీద కొట్టడం మొదలుపెట్టాడు. నా కాళ్ళూ చేతులూ నిలవలేదు. శాలువా కప్పినప్పుడు కూడా నాకు ఇంత సంతోషం వేయలేదు.

ఆఖరి పాట మొదలైంది. సన్యాసమ్మ వచ్చి గాబ్రియేలు పక్కన బల్ల చివర కూర్చుంది.

"కాసుకో బాబూ," అంది వాడితో. "ఈ పాట కడాన ఒకడు అరుస్తాడు. ఆణ్ణి ఇనాల."

గాబ్రియేలు బుద్ధిగా తలూపాడు. ఇంక నా వల్ల కాలేదు. కాలు తొక్కితే తొక్కనీ అనుకున్నాను.

"అమ్మా, ఆ అరిసిందెవరో కాదు..."

"ష్!" అంది సన్యాసమ్మ, నా మీద కళ్ళెర్రజేసి. "నోరు మూసుకో బాబూ! వచ్చీస్తంది."

మా వీధి, మా బంధువులు, మండలి, అందరూ మమ్మల్ని నోరు మూసుకోమన్నవాళ్ళే. మా పాట వినపడాలని నోరు మూసుకోమన్నది ఈవిడ ఒక్కతే. నేను గాబ్రియేలు వైపు చూశాను. వాడు కూడా నా వైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.